కొనడమా, ఎరువు తెచ్చుకోవడమా? – ఫ్రాంక్లిన్ పొదుపు రచన, ఫిలడెల్ఫియా చందా గ్రంథాలయం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సొంత డబ్బును ఎలా నిర్వహించుకోవాలో చెప్పే పుస్తకాన్ని కొనాలా, గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదవాలా అన్న సందేహం నేటి పాఠకులకు సాధారణమే. ఈ కోవకు చెందిన తొలి ప్రసిద్ధ రచనల్లో ఒకటైన ‘ది వే టు వెల్త్’ (1758) కర్త బెంజమిన్ ఫ్రాంక్లిన్. అప్పును గట్టిగా నిరసించిన ఈ రచయితే, పుస్తకాలను ఎరువిచ్చే సంస్థను 1731లో ఫిలడెల్ఫియాలో నెలకొల్పాడు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, కొనడం, ఎరువు తెచ్చుకోవడం అనే వాటి మధ్య ఎంపికను ధర ఒక్కటే నిర్ణయించలేదని తెలుస్తుంది. పుస్తకపు వినియోగ స్వభావం, పాఠకుల మధ్య ఏర్పడిన నమ్మకం కూడా అందులో పాలుపంచుకున్నాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పొదుపు, అప్పు, ఎరువు, ఆల్మనాక్, చందా గ్రంథాలయం, గ్రంథాలయోద్యమం.

1. ఉపోద్ఘాతం:

పొదుపు నేర్పే పుస్తకానికి వెచ్చించిన డబ్బు పొదుపు కిందికి వస్తుందా, ఖర్చు కిందికి వస్తుందా? సరదాగా తోచినా ఈ ప్రశ్న లోతైనది. అనవసరమైనది కొనవద్దని చెప్పే గ్రంథం, ముందుగా తననే కొనమంటుంది. ఎరువు తెచ్చుకుందామంటే, ఇతరుల సొత్తు మీద ఆధారపడవద్దన్న దాని బోధకు అది విరుద్ధమేమో అనిపిస్తుంది. ఈ చిక్కును విప్పడానికి ముందు, ‘అప్పు’, ‘ఎరువు’ అనే రెండు తెలుగు మాటల మధ్య భేదాన్ని గుర్తించాలి.

అప్పుగా తెచ్చిన ధాన్యం వండుకు తింటాం, డబ్బు ఖర్చు చేస్తాం. అంతే విలువైన మరొకదాన్ని తిరిగి చెల్లిస్తాం. ఎరువు తెచ్చిన వస్తువును వాడుకుని, ఆ వస్తువునే తిరిగి ఇస్తాం. పెళ్లికి తెచ్చుకున్న నగ ఎరువు సొమ్ము. అంగట్లో ఖాతా మీద తెచ్చిన సరుకు అప్పు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత అక్కడితో ఆగదు. అందులో ఒకటి పోతే అప్పుల చేటని కూడా హెచ్చరిస్తుంది. అంటే ఎరువు అప్పుగా మారే క్షణాన్ని మన పెద్దలు స్పష్టంగా గుర్తించారు. ఫిలడెల్ఫియా గ్రంథాలయ నిబంధనలకు ఇదే కీలకమని ముందు చూడగలం.

2. పుస్తకాలు దొరకని పట్టణం:

ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో వివరించిన ప్రకారం, ఆనాడు బోస్టన్‌కు దక్షిణాన ఉన్న వలస రాజ్యాల్లో చెప్పుకోదగ్గ పుస్తకాల అంగడే లేదు. న్యూయార్క్, ఫిలడెల్ఫియాలలో ముద్రాపకులు కాగితం, ఆల్మనాక్‌లు, పాటల ప్రతులు, కొద్దిపాటి పాఠ్యపుస్తకాలు మాత్రమే అమ్మేవారు. మంచి గ్రంథం కావాలంటే ఇంగ్లండు నుంచి ఓడ మీద తెప్పించుకోవాలి. బోస్టన్‌లో బాల్యం గడిపినప్పుడు, పుస్తక విక్రేతల వద్ద పని నేర్చుకునే కుర్రవాళ్లు సాయంత్రం ఇచ్చిన పుస్తకాన్ని రాత్రంతా చదివి, తెల్లవారగానే తిరిగి ఇచ్చిన అనుభవం ఆయనకు ఉంది. పుస్తకం చిరగకూడదు, యజమానికి లోటు తెలియకూడదు. ఎరువులోని బాధ్యతను ఆయన అక్కడే నేర్చుకున్నాడు.

1727లో ఏర్పడిన ‘జుంటో’ అనే చర్చాసమితి సభ్యులు తమ సొంత పుస్తకాలను సమావేశపు గదిలో ఒకచోట చేర్చి అందరూ వాడుకునే ఏర్పాటు చేశారు. అయితే వాటి ఆలనాపాలనా సరిగా లేక, సుమారు ఏడాది తర్వాత ఎవరి పుస్తకాలు వారు ఇంటికి తీసుకుపోయారు. ఈ వైఫల్యం గమనించదగినది. స్నేహం ఉన్నంత మాత్రాన ఎరువు నిలవదు. నియమం, కాపరి, హామీ కూడా కావాలి.

3. యాభై మంది ఒప్పందం:

ఆ పాఠం నుంచి పుట్టినదే 1731 నాటి ‘లైబ్రరీ కంపెనీ ఆఫ్ ఫిలడెల్ఫియా’. ఎంతో ప్రయత్నం మీద యాభై మంది మాత్రమే చేరారనీ, వారిలో ఎక్కువమంది యువ వృత్తిదారులేననీ ఫ్రాంక్లిన్ పేర్కొన్నాడు. ఒక్కొక్కరు ప్రవేశానికి 40 షిల్లింగులు, ఆపై ఏటా 10 షిల్లింగులు చెల్లించాలి. ఒక పౌను 20 షిల్లింగులు కాబట్టి, ఒప్పందం ప్రకారం మూలధనం 100 పౌన్లు, వార్షిక రాబడి 25 పౌన్లు అవుతుంది. రెండు పౌన్లతో ఒంటరిగా కొనగలిగేవి కొన్ని పుస్తకాలే. అదే రెండు పౌన్లు ఉమ్మడి నిధిలో చేరితే, నూరు పౌన్ల పుస్తకాలు చదివే హక్కు లభిస్తుంది. పుస్తకాల ఎంపికలో జేమ్స్ లోగన్, లండన్‌లో కొనుగోలుకు పీటర్ కాలిన్సన్ తోడ్పడ్డారు. 1732లో లూయీ తిమోతీ గ్రంథపాలకుడయ్యాడు.

పుస్తకం తీసుకునే సభ్యుడు, సకాలంలో తిరిగి ఇవ్వకపోతే విలువకు రెట్టింపు చెల్లిస్తానని ప్రామిసరీ నోటు రాసి ఇవ్వాలి. పుస్తకం తిరిగి వచ్చినంతకాలం అది ఎరువు. రాకపోతే ఆ నోటు అప్పు పత్రం. మన సామెతలోని హెచ్చరికే ఇక్కడ సంస్థాగత నిబంధన అయింది. అప్పును నిరసించినవాడు ఎరువును ప్రోత్సహించడంలో వైరుధ్యం లేదని ఈ నిబంధన స్పష్టం చేస్తుంది. అప్పు భవిష్యత్తు సంపాదనను ముందే తినేస్తుంది; ఎరువు మాత్రం ఖాళీగా ఉన్న వస్తువుకు పని కల్పిస్తుంది.

4. కొన్న పుస్తకం – ఆల్మనాక్:

ఫ్రాంక్లిన్ ‘రిచర్డ్ సాండర్స్’ అనే మారుపేరుతో 1732 చివరలో, 1733వ సంవత్సరానికి ‘పూర్ రిచర్డ్స్ ఆల్మనాక్’ వెలువరించాడు. తర్వాత పాతికేళ్ల పాటు అది ఏటా వచ్చింది. ఏడాదికి దాదాపు 10,000 ప్రతులు అమ్ముడయ్యేవని ఆయనే చెప్పుకున్నాడు. వేరే పుస్తకాలు దాదాపుగా కొనని సామాన్యులకు నీతి బోధించడానికి ఇది తగిన సాధనమని భావించి, తేదీల మధ్య మిగిలిన ఖాళీ జాగాలను శ్రమ, పొదుపులకు సంబంధించిన సూక్తులతో నింపాడు.

సామాన్యులు దీన్ని ఎందుకు కొన్నారు? చౌక కావడం ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది వినియోగ స్వభావం. మన పంచాంగం లాగే ఆల్మనాక్ ఏడాది పొడవునా ఇంట్లో ఉండాలి. సూర్యోదయం, చంద్రకళలు, వాతావరణం కోసం ప్రతి ఇంటివారికీ అదే రోజున అదే పుట కావాలి. అందరికీ ఏకకాలంలో కావలసినదాన్ని వంతుల వారీగా వాడుకోవడం సాధ్యం కాదు. ఏడాది ముగిస్తే దాని ప్రయోజనమూ చాలావరకు ముగుస్తుంది. పెద్ద చరిత్ర గ్రంథం ఇందుకు భిన్నం. ఒకరు చదివి ముగించాక మరొకరికి అది అంతే పనికొస్తుంది. కాబట్టి ఒకే పట్టణంలో ఒకే పాఠకుడు ఆల్మనాక్‌ను కొని, చరిత్ర గ్రంథాన్ని ఎరువు తెచ్చుకోవడం వివేకమే.

5. పంచిపెట్టిన పుస్తకం:

1758 ఆల్మనాక్‌కు ముందుమాటగా రాసిన రచనే తర్వాత ‘ది వే టు వెల్త్’ పేరుతో ప్రసిద్ధమైంది. వేలం మొదలయ్యే వేళకై ఎదురుచూస్తున్న జనం పన్నుల భారం గురించి వాపోతుంటారు. సోమరితనం, డాంబికం, అవివేకం విధించే పన్నులు అంతకంటే ఎక్కువని అబ్రహాం అనే వృద్ధుడు వారికి బోధిస్తాడు. ఆ వేలంలో ఆరు నెలల అప్పు మీద సరుకు ఇస్తున్నారు. ఆ గడువు ఊరిస్తుందనీ, స్వేచ్ఛను హరిస్తుందనీ ఆయన హెచ్చరిస్తాడు.

ఈ రచన బ్రిటన్‌లో గోడకు అంటించుకునే ఒంటి కాగితంగా అచ్చయింది. మతాచార్యులు, భూస్వాములు పెద్దసంఖ్యలో కొని, పేద విశ్వాసులకు, కౌలుదార్లకు ఉచితంగా పంచారని ఫ్రాంక్లిన్ రాశాడు. ఇక్కడ కొన్నవారు వేరు, చదవవలసినవారు వేరు. కౌలు వసూలు చేసే భూస్వామి కౌలుదారుకు పొదుపు పాఠం బహూకరించినప్పుడు, పేదరికానికి కారణం పేదవాడి నడతేనన్న వాదం కూడా దానితో పాటే అందుతుంది. ఎరువు తెచ్చుకున్న పాఠకుడు తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటాడు. ఉచితంగా పొందినవాడికి ఆ ఎంపికను మరొకరు చేస్తారు.

6. చందా నుంచి పన్నుకు – తెలుగు అనుభవం:

చందా గ్రంథాలయం పరిమితి కూడా స్పష్టమే. 40 షిల్లింగులు ఒక్కసారిగా కట్టలేనివాడు ఆ ఉమ్మడి సంపదకు వెలుపలే ఉండిపోయాడు. ఈ సమస్యకు తెలుగునాట వేరే సమాధానం దొరికింది. 1914లో విజయవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ద్వారా అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు పఠనాలయాలను ఊరూరికీ తీసుకుపోవడానికి కృషి చేశారు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం కేంద్రంగా పడవ గ్రంథాలయం నడిపారు. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నుకు వీలు కల్పించింది. చందా స్థానంలోకి పన్ను రావడంతో, యాభై మంది ఒప్పందం ఊరంతటి ఒప్పందమైంది. నేడు పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికి కట్టే ధరావతు, ఫిలడెల్ఫియా ప్రామిసరీ నోటు చేసిన పనినే చేస్తోంది.

7. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఏడాది పొడవునా చేతికింద ఉండవలసినది, లెక్కలు రాసుకోవలసినది కొనదగిన పుస్తకం. ఒకసారి చదివి సారం గ్రహించదగినది ఎరువు తెచ్చుకోదగినది. ఉచితంగా చేతికి వచ్చినదాన్ని, ఇచ్చినవారి ప్రయోజనం ఏమిటో తెలుసుకుని చదవాలి. వీటన్నిటికీ మించి, పొదుపును వ్యక్తి గుణంగా మాత్రమే బోధించిన రచయిత, అది ఉమ్మడి ఏర్పాటుగా కూడా సాధ్యమని ఆచరణలో చూపాడు. ఆయన రచనకు దక్కిన కీర్తిలో ఈ రెండవ పాఠం మరుగున పడింది.

‘ది వే టు వెల్త్’ ముగింపు ఈ సందర్భంలో మరింత అర్థవంతంగా కనిపిస్తుంది. అబ్రహాం మాటలు విని మెచ్చుకున్న జనం, వేలం మొదలుకాగానే ఎగబడి కొంటారు. కొత్త కోటుకు గుడ్డ కొందామని వచ్చిన రిచర్డ్ ఒక్కడే, పాత కోటునే ఇంకొంతకాలం తొడుక్కుందామని నిశ్చయించుకుని ఇంటిదారి పడతాడు. ఆ జనంలో ఎవరూ పుస్తకం కొనలేదు, ఎరువు తెచ్చుకోనూ లేదు. అందరూ ఉచితంగా ఒకే ప్రసంగం విన్నారు. దాని విలువ రిచర్డ్ కొనకుండా వదిలేసిన గుడ్డలో తేలింది.