ఇంటిలో స్వరలేఖనము

ఇప్పుడు మన పల్లెలలో తఱచుగ వినవచ్చు ప్రశ్న యొకటి గలదు. ఊరి భజన మండలి కీర్తనలనో, పెద్ద ముత్తైదువ పాడు పెండ్లిపాటలనో, హరిదాసు చెప్పు కథనో చెడకుండ రికార్డు చేయింపవలెనన్నచో పట్టణములోని స్టూడియోకే పోవలెనా? కొలదిపాటి సొమ్ముతో కొన్న మైకును కంప్యూటరునకు తగిలించి యింటిలోనే చేసికొన్నచో చాలదా? చాలునని యంత్రము లమ్మువారును, చాలదని స్టూడియో అద్దె కిచ్చువారును చెప్పుట సహజము. ఇరువురి మాటలను ప్రక్కన బెట్టి, ఈ విషయమున నూఱేండ్లకు పైబడిన చరిత్ర యేమి చెప్పుచున్నదో మనవి చేసెదను.

మొదట స్టూడియో యను మాటయే లేదు. 1877లో అమెరికాలో ఎడిసను, పలుచని తగరపు రేకు చుట్టిన గొట్టముపై మనుష్య కంఠమును గీయించి మరల పలికించెను. ఆ విద్య బాగుపడి పలకల రూపము దాల్చిన పిమ్మట, 1902లో ఫ్రెడ్ గైస్బర్గ్ అను నాతడు లండను గ్రామఫోను కంపెనీ పక్షమున కలకత్తాకు వచ్చెను. హోటలు గదిలో యంత్రమును నిలిపి, సుప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ చేత పాడించెను. నాటి యంత్రమునకు మైకు లేదు. పెద్ద బూరలోనికి మోము చేర్చి బిగ్గఱగ పాడవలెను. ఆ గాలి కదలికయే పలుచని పొరను కదల్చి సూదిచేత మైనమున గీత గీయించును. మూడు నిమిషములలో పాట ముగియవలెను. చివర గాయని తన పేరు తానే చెప్పెడిది. పలకలు జర్మనీలోని హానోవరులో తయారగును గనుక, అచ్చటి పనివారికి పాడిన దెవరో తెలియుటకై యీ యేర్పాటు. మన దేశమున వృత్తినిపుణులు చేసిన తొలి రికార్డులు ఇట్లు బసగదిలో పుట్టినవి.

1925లో విద్యుత్పద్ధతి వచ్చినది. మైకు వచ్చినది, ధ్వనిని పెంచు యంత్రములు వచ్చినవి, వానితోపాటు ఖర్చును వచ్చినది. కంపెనీలు ప్రత్యేక మందిరములు కట్టసాగెను. 1931లో లండనులో తెఱచిన ఆబీ రోడ్డు స్టూడియో మిక్కిలి పేరుగన్నది. అదియు మొదట నొక గృహస్థుని యిల్లే; దానిని కొని, పెరటిలో పెద్ద గదులు కట్టిరి. అటుపిమ్మట రికార్డనగా స్టూడియో, స్టూడియో యనగా ధనవంతుల కంపెనీ యను భావము లోకమున పాదుకొన్నది.

ఆ కాలమందే స్టూడియో మొగము చూడని గాయకు లెందఱో యుండిరి. వారిలో నొకని కథ చెప్పవలెను. 1941 ఆగస్టులో అమెరికాలోని కాంగ్రెస్ గ్రంథాలయము పక్షమున అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయము పక్షమున జాన్ వర్క్ అను పండితుడు మిసిసిపీ రాష్ట్రమున ప్రత్తిచేలవెంట తిరుగుచు జానపద గీతములను సేకరించిరి. స్టోవాల్ అను కమతమున ట్రాక్టరు తోలుచు కూలి చేసికొను నల్లజాతి యువకుడొకడు గిటారు వాయించి పాడునని విని, అతని కొయ్య యింటికే పోయి, కారులో తెచ్చిన యంత్రముతో పాట పట్టిరి. పట్టిన వెంటనే మరల వినిపించిరి. తన కంఠమును తాను పలకపై వినుట యతనికదే మొదటిసారి. తానును నిజముగ పాటగాడనని అప్పుడు నమ్మకము కలిగినట్లు అతడే తరువాత చెప్పియున్నాడు. 1943లో కమతము విడిచి షికాగో నగరము చేరెను. మడ్డీ వాటర్స్ అను పేరుతో లోకప్రసిద్ధు డైనవా డతడే. ఆ కొయ్య యింటి రికార్డులో గరగర గలదు. అయినను నేటికిని వినువా రున్నారు.

తరువాత టేపు వచ్చినది. జర్మనులు 1935లో ప్రదర్శించిన అయస్కాంతపు టేపుయంత్రము యుద్ధానంతరము అమెరికా చేరి, క్రమముగ నిండ్లలోనికి వచ్చెను. లండనులో జో మీక్ అను నాతడు హాలోవే రోడ్డులో తోలుసామానుల అంగడిపైనున్న వాటాను అద్దెకు తీసికొని, గదులనిండ తీగలు పఱచి, తానే కూర్చుకొన్న పరికరములతో రికార్డులు చేసెడివాడు. ఒక గదిలో వాద్యగాండ్రు, మెట్లపై వయొలిన్లవారు, గాయకుడు స్నానాలగదిలో! క్రిందినుండి యింటియజమానురాలు చీపురుకఱ్ఱతో పైకప్పు పొడిచెడిదని చెప్పుదురు. ఆ యింట 1962లో తయారైన టెల్‌స్టార్ అను వాద్యగీతము ఇంగ్లండులోను, అటుపిమ్మట అమెరికాలోను ప్రథమస్థానము నందినది. అయితే ఒక్క సంగతి మఱువరాదు. మీక్ ఆ వాటాకు రాకముందు పెద్ద స్టూడియోలలో ఏండ్ల తరబడి పనిచేసి చెవిని సానబెట్టుకొన్నవాడు. పరికరము చవుకదే గాని, చెవి చవుకది కాదు.

ఇక నీ ప్రశ్నకు సాక్ష్యముగ నిలువదగినది మఱియొక గాథ. 1979లో జపానుకు చెందిన టియాక్ కంపెనీ పోర్టాస్టూడియో అను పెట్టెను అమ్మకమునకు పెట్టెను. వెల సుమారు 1,200 డాలర్లు. అది చిన్న మొత్తము కాదు గాని, స్టూడియో యంత్రము ధరతో పోల్చిన నది యొక మూలకు రాదు. మామూలు క్యాసెట్టుపై నాలుగు ధ్వనులను వేఱువేఱుగ పట్టి, తరువాత కలుపుకొనుట కది వీలు కల్పించెను. 1982 జనవరిలో అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీ రాష్ట్రమున తన యద్దెయింటి పడకగదిలో ఈ పెట్టెను, రెండు సామాన్యపు షూర్ మైకులను పెట్టుకొని పాటలు పట్టెను. పాడినవానిని కలిపి ఎక్కించుటకు వాడినది అంతకుముందు నీటిలో మునిగి తేలిన పాత పానసోనిక్ టేపురికార్డరు. ఆ క్యాసెట్టునకు పెట్టెయైన లేక, అతడు జేబులో వేసికొని తిరిగెనట.

అతని యుద్దేశము తన బృందమునకు పాటలు నేర్పుట మాత్రమే. పిమ్మట న్యూయార్కు స్టూడియోలో బృందముతో ఆ పాటలనే మేలైన యంత్రములపై పాడి చూచెను. కొన్ని యచ్చట బాగుగనే వచ్చినవి. తక్కినవానికి మాత్రము పడకగదిలోని యేకాంతము రాలేదు. తుదకు జేబులోని క్యాసెట్టునే ప్రకటింప నిశ్చయించిరి. అప్పుడు కష్టము మొదలైనది. స్టూడియో టేపు రెండంగుళముల వెడల్పున 24 ధ్వనులను మోయుచు, సెకనుకు 15 లేక 30 అంగుళముల వేగమున పోవును. క్యాసెట్టు టేపు వెడల్పు అంగుళములో సుమారు ఏడవ వంతు. ఆ పెట్టెలో వేగము సెకనుకు మూడుముప్పాతిక అంగుళములు. పెద్ద కాలువలో పాఱు నీటికిని, బోదెలో పాఱు నీటికిని గల తారతమ్యమే యిచ్చటను. ధ్వనిని మోయు అయస్కాంతరేణువులు తక్కువగుటచే బుసబుస యెక్కువ. ఆ క్యాసెట్టునుండి గ్రామఫోను మాతృక కోయబోయి పలుచోట్ల విఫలులైరి. చివరకు ధ్వని మట్టమును తగ్గించి కోయగా కార్యము నెఱవేఱినది. నెబ్రాస్కా అను పేర ఆ పలక 1982 సెప్టెంబరులో వెలువడి, అతని ఉత్తమ కృతులలో నొకటిగ నిలిచినది. పాట పట్టుటకు పడకగది చాలినది. పట్టిన దానిని లోకమునకు పంపుటకు మాత్రము నేర్పరుల చేయి కావలసివచ్చినది.

యంత్రము సంగతి యిట్లుండగా, గది సంగతి యెవరును తలంపరు. శబ్దము ఆకాశగుణమని మన తార్కికుల మతము. అది వీచీతరంగ న్యాయమున అల వెంట అలగ సాగునని కొందఱు, కదంబముకుల న్యాయమున కడిమిమొగ్గ విచ్చినట్లు ఒక్కసారిగ అన్ని దిక్కులకు ప్రసరించునని కొందఱు వాదించిరి. ఆ వాదము నటుంచి, గదిలోని గోడలను తాకిన శబ్దము మరలివచ్చుట ప్రత్యక్షము. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక క్రొత్త ఉపన్యాసశాలలో పలికిన మాటలు ఒకదానిపై నొకటి పడి తెలియకుండెను. వాలెస్ సాబైన్ అను ఉపాధ్యాయుడు దానిని పరీక్షింప నియుక్తుడయ్యెను. ఊరు నిద్రించిన పిమ్మట, మఱొక నాటకశాల ఆసనముల మెత్తలను మోయించి తెచ్చి, ఇన్ని మెత్తలకు ధ్వని ఎంతసేపు నిలుచునని గడియారముతో లెక్కించి, తెల్లవాఱకముందే మరల చేర్పించెడివాడు. ఉత్తశాలలో అయిదున్నర సెకన్లు మ్రోగుచుండిన ధ్వని, మెత్తలన్నియు చేరుసరికి ఒక సెకనుకు కొంచెము పైబడి అణగినది. నే నిప్పుడు కూర్చుండి మాటలాడు రేడియో గది గోడలకు మెత్తని పలకలు తాపించియుండుట కిదియే మూలము. స్టూడియో అద్దెలో మిక్కిలి భాగము ఈ నిశ్శబ్దమునకే చెల్లించుచున్నాము.

ఈ నిశ్శబ్దమును పల్లెలో కొంత ఉచితముగనే పొందవచ్చును. గచ్చునేల, సున్నపుగోడలు గల ఉత్తగది పనికిరాదు. బొంతలు, పరుపులు, ప్రత్తిబోరెములు నిండిన గది మేలు. ఫంకా ఆపవలెను, కిటికీ మూయవలెను. మైకును పాడువారి నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కకు నుంచవలెను. దానిని రెండు జానలకు జరిపినచో నేరుగ వచ్చు ధ్వనిబలము నాల్గవవంతునకు పడిపోవును. గోడలనుండి మరలివచ్చు మ్రోత మాత్రము తగ్గదు. చవుక యంత్రముతో చేసిన రికార్డు బావిలోనుండి వచ్చినట్లు వినబడుటకు ముఖ్యకారణము యంత్రము గాక యీ జానెడు దూరమే.

యంత్రమున కిప్పుడు వంక పెట్టుట కష్టము. ఏలయన, 1962లో బెల్ పరిశోధనాలయమున సెస్లర్, వెస్ట్ అను నిరువురు శాస్త్రజ్ఞులు, అయస్కాంతము తన శక్తిని తనయందే నిలుపుకొన్నట్లు, విద్యుత్తును తనయందే నిలుపుకొను పలుచని పొరతో క్రొత్త మైకును నిర్మించిరి. దానితో సున్నితమైన మైకు చవుకయైనది. రెండవది, ధ్వనిని అంకెలుగ మార్చు పద్ధతి. మిక్కిలి సన్నని ధ్వనికిని మిక్కిలి పెద్ద ధ్వనికిని నడుమ గల వ్యవధిని డెసిబెల్ అను మానముతో కొలుతురు. సామాన్యపు క్యాసెట్టున అది 50, 60 వఱకే. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కున 96. నేడు కొన్ని వేల రూపాయల పెట్టెయు ఈ మట్టమును అందుకొనుచున్నది. స్ప్రింగ్‌స్టీన్‌ను వేధించిన బుసబుస యిక లేదు. లాస్ ఏంజలిసులో బిల్లీ ఐలిష్ అను బాలిక తన యన్న ఫిన్నియస్ పడకగదిలో పాడిన పాటల సంపుటము 2019లో వెలువడి, మఱుసటి జనవరిలో గ్రామీ బహుమానముల నందెను. వానిలో ధ్వనిలేఖన నైపుణ్యమునకు ఇచ్చునదియు గలదు. అయితే ఆ ధ్వనులను కలిపి తీర్చినవాడు రాబ్ కినెల్స్కీ యను అనుభవజ్ఞుడు. మీక్ నాటి మాటయే మరల వచ్చినది.

కావున నా నిర్ణయమిది. ఒక్క కంఠము, లేక కంఠముతో నొక తంబూర, ఒక వీణ యైనచో, అణగిన గదిలో చవుక సామాను చాలును, స్టూడియోకు పోనక్కఱలేదు. సన్నాయిమేళమునకు చాలదు. డోలుదెబ్బకు చవుక మైకు ధ్వని పగిలిపోవును. నలువదిమంది భజనగాండ్రకు ఒక్క మైకు పెట్టినచో తాళముల మ్రోత తప్ప సాహిత్యము మిగులదు. అట్టి సందర్భమున నేర్పరిని పిలువవలెను. లేదా మేళమును ఊరిబయట పొలమునకు గొనిపోవలెను. అచ్చట గోడలు లేవు గాన ప్రతిధ్వనియు లేదు, కీచురాళ్ల మాట వేఱు.

మా ప్రాంతమున నొక వృద్ధురాలికి నలుగుపాటలు, అప్పగింతపాటలు, దంపుళ్ల పాటలు వందకు పైగ వచ్చెడివి. కుమారులు భక్తిగలవారే. పట్టణమున గొప్ప స్టూడియోలో చేయింతుమని, సొమ్ము చేరుటకై రెండు పంటలు ఆగిరి. రెండవ పంట యింటికి వచ్చుసరికి ఆమెకు పక్షవాతము సోకి మాట పడిపోయినది. పాటలలో పదియో పండ్రెండో కోడండ్ర నోట మిగిలినవి. ఆ యింట ప్రతి మనుమని జేబులోను దూరవాణి యుండెను.

రికార్డు మొదట పాడువారి పేరు, ఊరు, తేదీ వారి నోటనే చెప్పించుట మంచిది. గౌహర్ జాన్ చివర చెప్పినది. మొదట చెప్పించినచో పాట నడుమ ఆగినను పేరు నిలుచును. యంత్రము ధ్వనిని కుదించి దాచు పద్ధతిని మాన్పించి పూర్తి రూపమున దాచుడని పిల్లలకు చెప్పవలెను. ఒక ప్రతిని ఇంటను, ఒక ప్రతిని ఊరి గ్రంథాలయమునను, మఱియొక ప్రతిని పొరుగూరి బంధువుల యొద్దను ఉంచవలెను.