సూపర్‌పొజిషన్ సిద్ధాంతం – ఓ డాక్టరుగారి కథ

ఇంజినీరింగులో నెట్‌వర్క్స్ పేపర్లో మాకు ఖాయంగా మార్కులు తెచ్చిపెట్టే ప్రశ్న ఒకటుండేది. అదే సూపర్‌పొజిషన్ సిద్ధాంతం. ఒక్క సోర్సు ఉంచు, మిగతా వోల్టేజి సోర్సుల్ని షార్ట్ చెయ్యి, కరెంటు సోర్సుల్ని ఓపెన్ చెయ్యి, లెక్క కట్టు. ఇలా ఒక్కోదానికీ చేసి చివర్లో అన్నీ కూడెయ్యి. అంతే! దీన్ని ఎవరు, ఎందుకు ఆలోచించారని మేం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. థెవెనిన్, నార్టన్ అంటూ మనుషుల పేర్లున్న సిద్ధాంతాల మధ్య దీనికి మాత్రం ఏ పేరూ లేదు. ఎవరో కరెంటాఫీసు ఇంజినీరు అయ్యుంటాడులే అనుకునేవాణ్ణి.

తీరా చూస్తే, దీన్ని సర్క్యూట్లకి స్పష్టంగా రాసిపెట్టినాయన ఓ డాక్టరు. ఆయన ముందున్నది సర్క్యూటు కూడా కాదు, కప్ప కండరం!

కథ కోనిగ్స్‌బర్గ్‌లో మొదలవుతుంది. గ్రాఫ్ థియరీలో ఏడు వంతెనల లెక్క గుర్తుంది కదా, అదే ఊరు. ఇప్పుడు రష్యాలో ఉన్న కాలినిన్‌గ్రాడ్. కిర్కాఫ్ తన సూత్రాల్ని ఇక్కడ విద్యార్థిగా ఉండగానే 1845లో ప్రకటించాడు. నాలుగేళ్ళ తర్వాత, 1849లో, హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అదే విశ్వవిద్యాలయానికి వచ్చాడు. భౌతికశాస్త్రం చెప్పడానికి కాదు, శరీరధర్మశాస్త్రం చెప్పడానికి. అంతకుముందు ఆయన ప్రష్యా సైన్యంలో డాక్టరు.

ఆయన మిత్రుడు ఎమిల్ డ్యు బ్వా-రేమో అప్పటికే కప్ప కండరాల్లో పుట్టే కరెంటుని కొలుస్తున్నాడు. చిక్కేమిటంటే, కండరంలో తీగలుండవు. తడిగా ఉన్న మాంసమంతా కండక్టరే, లోపల ఎక్కడెక్కడో లెక్కలేనన్ని విద్యుత్ మూలాలు. మనం చెయ్యగలిగిందల్లా గాల్వనోమీటరు కొసలు పైన ఆనించి చూడటమే. మరి ఆ రీడింగుకి అర్థమేమిటి?

హెల్మ్‌హోల్ట్జ్ 1853లో రాసిన పరిశోధన పత్రం ఈ ప్రశ్న మీదే. ఒక్కో మూలం ఒంటరిగా ఉంటే ఏ బిందువు దగ్గర ఎంత పొటెన్షియల్ వచ్చేదో, అన్నీ కలిసి ఉన్నప్పుడు వచ్చేది ఆ విలువల మొత్తమే అన్నాడు. దాన్ని పట్టుకుని ఇంకో అడుగు వేశాడు. లోపల ఎంత గందరగోళం ఉన్నా, బయట రెండు కొసల నుంచి చూస్తే అది ఒక బ్యాటరీ, ఒక రెసిస్టరులాగే కనిపిస్తుంది. ఇది థెవెనిన్ కదా అంటారా? అవును. ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజినీరు థెవెనిన్ దీన్ని సొంతంగా మళ్ళీ కనిపెట్టింది 1883లో, అంటే 30 ఏళ్ళ తర్వాత. పేరు మాత్రం ఆయనకి దక్కింది.

నాకు అంతకన్నా నచ్చింది ఆ పత్రంలోని ఇంకో మాట. లోపలి అమరికలు వేరువేరుగా ఉన్నా బయట రీడింగు ఒకటే రావచ్చు. అంటే భాగాల నుంచి మొత్తం తెలుస్తుంది గానీ, మొత్తం చూసి భాగాలు చెప్పలేం. మెదడులో ఏ మూల ఏం జరుగుతోందో ఈఈజీ చూసి ఇట్టే చెప్పలేకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

ఇక రెండో హెచ్చరిక, పరీక్షలో మేం ఒక్క లైన్లో రాసి వదిలేసేది: ఇది లీనియర్ సర్క్యూట్లకే. అక్కడ కూడా అన్నిటినీ కూడకూడదు. 12 వోల్టుల బ్యాటరీ, 6 వోల్టుల బ్యాటరీ ఒక్కోటీ 2 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా ఒకే 2 ఓమ్‌ల లోడుకి కరెంటు ఇస్తున్నాయనుకోండి. మొదటిది ఒక్కటే ఉంటే లోడులో 2 ఆంపియర్లు, రెండోది ఒక్కటే ఉంటే 1 ఆంపియరు, కలిస్తే 3. బాగానే ఉంది. పవర్ చూడండి: విడివిడిగా 8 వాట్లు, 2 వాట్లు. కలిస్తే 10 కాదు, 18! డయోడులాంటిది పెడితే ఇక కరెంటు కూడా కూడికకి లొంగదు.

ఈ లైను విలువ నాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. ఓ ప్రాజెక్టులో రాత్రిపూట రెండు బ్యాచ్ జాబులు నడిచేవి. మధ్యమధ్యలో అంతా ఆగిపోయేది. నేను మన సిద్ధాంతమే వాడా. ఒకటి ఆపి రెండోది నడిపా, బ్రహ్మాండం. తిప్పి చూశా, అదీ బ్రహ్మాండం. రెంటిలోనూ తప్పు లేదని మెయిలు కొట్టి హాయిగా పడుకున్నా. ఆ రాత్రి రెండూ, మేమే రాసుకున్న లాకుల దగ్గర, ఒకదాని కోసం ఇంకోటి ఎదురుచూస్తూ తెల్లారేదాకా కూర్చున్నాయి. పొద్దున్న నాకు పడ్డ అక్షింతల సంగతి అడక్కండి.

తప్పు ఆ జాబులో లేదు, ఈ జాబులో లేదు. రెండూ కలవడంలో ఉంది. ఒక్కోదాన్నీ ఆపి చూస్తే అది ఎప్పటికీ దొరకదు.

హెల్మ్‌హోల్ట్జ్ కండరాన్ని లెక్కలోకి దించేముందు అది లీనియర్ కండక్టరే అనుకుంటున్నానన్న సంగతి ఆయనకి తెలుసు. నేను నా సిస్టమ్‌ని అలా అనుకుంటున్నానన్న సంగతే నాకు తెలీదు. తేడా అంతా అక్కడే ఉంది.