వడగాడ్పులు నేర్పిన పాఠము

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. 2015వ సంవత్సరము మే నెలాఖరున, ఆ కార్తె ప్రవేశించు దినములలోనే, తెలుగునాట వడగాడ్పులు చెలరేగినవి. ఆ వేసవిలో వడదెబ్బవలన ఆంధ్రప్రదేశ్‌లో 1,300కు మించి, తెలంగాణలో 500కు మించి జనులు మరణించిరని ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. వీరిలో పెక్కుమంది వృద్ధులు, ఎండలో పనిచేయు కూలీలు.

సూర్యునినుండి మనకు వచ్చు వేడిమి ఏటేట ఇంచుమించు ఒక్కటియే. అట్లయిన ఏదో ఒక యేడు మాత్రమే ఇంత ఘోరము జరుగుటకు కారణమేమి? దానిని గాలిలో వెదుకవలెను.

ఆకాశమున అధిక పీడనము నిలిచిన ప్రదేశములో గాలి మెల్లగా క్రిందికి దిగును. దిగినకొలది దానిపై ఒత్తిడి పెరిగి, అది వేడెక్కును. పొడిగాలి ఒక కిలోమీటరు దిగినచో సుమారు 10 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కును. సైకిలుకు గాలి కొట్టి పంపు అడుగుభాగమును తాకిన విద్యార్థికి ఈ సంగతి తేలికగా బోధపడును. దిగుచున్న గాలిలో మేఘములు ఏర్పడవు. నేలలో తడియున్నచో ఎండవేడిమిలో కొంత ఆ నీటిని ఆవిరిచేయుటకు ఖర్చగును. ఎండిన నేలపై అదియంతయు గాలినే వేడిచేయును. దీనికితోడు వాయవ్యమునుండి పొడిగాలులు బలముగా వీచినచో, మధ్యాహ్నము కోస్తాను చల్లబరచు సముద్రపుగాలి లోనికి రాజాలదు.

ఈ ఆపద కొత్తది కాదు. 1998లో ఒడిషాలో 2,000కు పైగా జనులు వడదెబ్బకు బలియైరి. 2010 మే నెలలో అహమ్మదాబాదునందు ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరినది. ఆ నెల మరణములను ఇతర సంవత్సరముల లెక్కలతో పోల్చిచూడగా, 1,344 అధికముగా జరిగినట్లు తేలినది. వడగాడ్పు తుపానువలె ఇండ్లు కూల్చదు. అందుచే దాని నష్టము ఇట్లు లెక్కలలోనే బయటపడును.

ఆ అనుభవముతో అహమ్మదాబాదు నగరము 2013లో ఒక కార్యప్రణాళికను అమలుపరచినది. ముందుగా హెచ్చరించుట, వైద్యులకు శిక్షణ నిచ్చుట, త్రాగునీరు అందించుట అందలి ముఖ్యాంశములు. 2016లో మన రెండు రాష్ట్రములును అట్టి ప్రణాళికలను చేపట్టినవి.

అధిక పీడనము ఎచట నిలుచునో, గాలి ఎటు వీచునో కొన్ని దినములు ముందుగానే వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పగలరు. కాని పని మానినచో పస్తుండవలసిన కూలివానికి హెచ్చరిక మాత్రమే చాలదు. నీడ, నీరు, పనివేళల మార్పు అతనికి దొరికిననాడే ఈ శాస్త్రజ్ఞానము ప్రాణరక్షకమగును.