చదువు, ఆట, ఆధారాలు

పుస్తకాన్ని ఆన్‌లైన్ ఆటతో ముడిపెట్టడం ఇటీవలి పరిణామం. 2008లో అమెరికాకు చెందిన స్కొలాస్టిక్ సంస్థ 'ది 39 క్లూస్' అనే బాలల గ్రంథమాలను ప్రారంభించింది. తొలి పుస్తకం రాసినవాడు రిక్ రియోర్డన్. పుస్తకంతో వచ్చే కార్డుల మీది సంకేతాలను వెబ్‌సైటులో నమోదు చేస్తే ఆట ముందుకు సాగేది. అంటే పుస్తకం, కంప్యూటర్, ఇంటర్నెట్, ఇంగ్లీషు నాలుగూ ఉండాలి.

అయితే చదువరిని ఆటలోకి దింపడం తెలుగువారికి కొత్త కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన 'చందమామ'ను గమనించండి. బేతాళుడు ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు నోరు విప్పేలోగా మీరూ ఒక జవాబు అనుకొనే ఉంటారు. ఫోటో వ్యాఖ్యల పోటీలో రెండు ఫోటోలకు జతకుదిరే వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపాలి. గెలిచిన వ్యాఖ్యలను పంపినవారి పేరు, ఊరుతో సహా అచ్చువేసేవారు. మద్రాసు పిల్లకైనా, సింగరేణి క్వార్టర్లో ఉండే పిల్లకైనా ఖర్చు ఒక్క కార్డే. పత్రిక కొనగలగడం వేరే సంగతి.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ ఆధారాల సంగతి ఆలోచించాలి. 2020 చివర అడోబి ఫ్లాష్‌ను నిలిపివేయడంతో దాని మీద నడిచిన పిల్లల ఆటలెన్నో బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. వాటిని ఏ ఊరి పిల్లలు ఆడారో ఇప్పుడు తెలుసుకోవడం కష్టం. చందమామ పాత సంచికల్లో ఆ పేర్లు అలాగే ఉన్నాయి.

మీకు పాత సంచికలు దొరికితే పోటీ పేజీల్లోని ఊళ్ల పేర్లను సంవత్సరాలవారీగా పట్టిక వేయండి. గోదావరిఖని గని పట్టణంగా ఎదిగింది 1960ల నుంచి. కాబట్టి అక్కడి పేర్ల కోసం ఆ తర్వాతి సంచికలు చూడండి.