పులిరాజాకు వచ్చాక?

2000 తర్వాతి తొలి ఏళ్లలో ఉమ్మడి రాష్ట్రంలో ఏ సెంటర్లో నిలబడి తలెత్తినా హోర్డింగు మీద ఒకటే ప్రశ్న కనిపించేది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? కొత్త సినిమా ఏమోననుకున్నవాళ్లూ ఉన్నారు. కండోమ్ లేకుండా బయటి సంబంధాలకు పోతే వస్తుందని తర్వాత జవాబు తేలింది. ప్రచారంగా దానికి వంక పెట్టలేం, ఇన్నేళ్లయినా పేరు మరవలేదు కదా. కానీ వచ్చాక పులిరాజా తన భార్యతో ఎట్లా కాపురం చేయాలి? దానికి మాత్రం ఎవరూ హోర్డింగు కట్టలేదు.

అమెరికాలో కథ వేరుగా మొదలైంది. 1983లో, వైరస్‌కు ఇంకా పేరైనా స్థిరపడని రోజుల్లో, న్యూయార్క్‌లో ఇద్దరు రోగులు ఒక డాక్టరు సాయంతో చిన్న పుస్తకం వేసి, జబ్బున్నవాళ్లు కూడా జాగ్రత్తగా కలిసి బతకొచ్చని చెప్పారు. సురక్షిత శృంగారమన్న ఆలోచన రోగుల నోటి నుంచే పుట్టిందన్నమాట. మన దగ్గర అది సర్కారు నోటి నుంచి, జబ్బు లేనివాళ్ల కోసం వచ్చింది. 1986లో చెన్నైలో సునీతి సోలొమన్, నిర్మల బృందం దేశంలో తొలి కేసులు గుర్తించింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో ఏర్పడింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ వారి ఆవాహన్ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దిగింది. వీటన్నిటి గురి ప్రధానంగా సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు. గురి తప్పు కాదు. ఆ గురికి అందకుండా ఇంట్లో మిగిలిపోయింది భార్య.

ఆ భార్య సంగతి తెలియాలంటే వరంగల్ వైపు చూడాలి. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు జిల్లాలు కావు, అన్నీ ఉమ్మడి వరంగల్‌లోవే. జనగామ హైదరాబాద్ రోడ్డు మీద, మానుకోట అని పిలిచే మహబూబాబాద్ రైలు పట్టాల పక్కన, భూపాలపల్లి సింగరేణి బొగ్గు మీద. మగవాడు పనికోసం ఊరు దాటే దారులు మూడు చోట్లా ఉన్నాయి. భార్యకు చాలాసార్లు కాన్పు ముందు పరీక్షలోనే సంగతి తెలిసేది. ఇంట్లో మొదట పరీక్షకు దొరికింది ఆమె కనుక, తెచ్చింది కూడా ఆమేనన్న నింద పడేది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. కండోమ్ వాడకం 1 శాతం కూడా లేదు. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అంతటితో సరి. 1968 నుంచి సర్కారు అమ్ముతూ వచ్చిన నిరోధ్‌కు మన పడకగదిలో చోటే లేదు. కౌన్సెలర్ చేతిలో పెట్టిన పొట్లం ఇంటికి తీసుకుపోతే, "ఆపరేషన్ అయింది గద, ఇప్పుడివెందుకు?" అని అడిగే మొగుడికి ఆమె ఏం చెప్పాలి? అవగాహన లేక వాడలేదని రాసే నివేదికలు ఈ మాట రాయవు. అదే సర్వేలో రాష్ట్రంలో పెద్దల్లో హెచ్ఐవీ 0.97 శాతమని తేలింది. అంటే ఇంచుమించు నూటికి ఒకరు.

2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అణిచే మందుల చికిత్స, మొదలైంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం వచ్చాక నెల నెలా మందుల ప్రయాణం మొదలైంది. భూపాలపల్లి నుంచి బస్సులో పోయి రావడంతోనే కూలి రోజు పోయేది. డబ్బా మీది కాగితం పీకేసి మాత్రలు వేరే డబ్బాలో పోసుకోవడం, రాత్రి ఎఫావిరెంజ్ మింగి తల తిరుగుతుంటే అలసటని చెప్పుకోవడం, ఇవన్నీ ఆ చికిత్సలో భాగమయ్యాయి. అప్పట్లో రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా పడిపోయినవాళ్లకే మందులు. మిగతావాళ్లకు దక్కింది కండోమ్ సలహా ఒక్కటే.

ఆ సలహాను తలకిందులు చేసింది 2011. హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనంలో చెన్నై, పుణె జంటలూ ఉన్నాయి. త్వరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. 2016లో యూరప్‌లోని పార్ట్‌నర్ అధ్యయనం దాదాపు 58,000 కండోమ్ లేని కలయికలు లెక్కవేసింది. మందులతో వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కటంటే ఒక్క సంక్రమణ లేదు. రక్తంలో వైరస్ మోతాదు, అంటే వైరల్ లోడ్, పరీక్షకు దొరకనంత తగ్గితే శృంగారం ద్వారా సోకదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ద్వంద్వంగా చెప్పింది. మిల్లీలీటరుకు వెయ్యి కాపీలలోపు ఉంటే ముప్పు దాదాపు శూన్యమని కూడా అంది. పాలివ్వడానికి మాత్రం ఈ హామీ అట్లాగే వర్తించదు.

మనకు 2017లో సీడీ4తో పని లేకుండా అందరికీ చికిత్స, 2018లో మామూలు పరీక్షగా వైరల్ లోడ్, ఆ తర్వాత డోలుటెగ్రావిర్ అనే కొత్త మందు వచ్చాయి. కాబట్టి నిరోధ్ అక్కర్లేదా? సిఫిలిస్‌ను మాత్ర ఆపదు. హెచ్ఐవీ ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు దాదాపు ఆరు రెట్లు, దానికి పరీక్ష వేరే చేయించుకోవాలి. మందులు మానితే వైరస్ మళ్లీ పైకి లేస్తుంది. ఇంకో చిన్న మాట, ఎవరూ చెప్పరు గనుక: లేటెక్స్ కండోమ్‌కు కొబ్బరినూనె రాస్తే అది చిరుగుతుంది, నీటి ఆధారిత జెల్ వాడాలి.

2021 అంచనాలో పెద్దల్లో హెచ్ఐవీ తెలంగాణలో 0.47 శాతం, దేశంలో 0.21. హెచ్ఐవీ ఉన్నవారికీ ఇచ్చే ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలైంది. ఇవి కాగితం మీది సంగతులు. ఇళ్లలోకి వస్తే, ఏఆర్‌టీ రాకముందు, వచ్చిన కొత్తలో తల్లి నుంచి వైరస్‌తో పుట్టి బతికిన పిల్లలు ఇప్పుడు పెళ్లి సంబంధాల వయసుకొచ్చారు. హెచ్ఐవీ ఉన్నవారి పెళ్లి హక్కును 1998లో పక్కన పెట్టిన సుప్రీంకోర్టు 2002లో ఆ మాటలు వెనక్కి తీసుకుంది. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వాళ్లు తగిన జాగ్రత్త తీసుకోవాలి. అవతలివారికి ముందే చెప్పడం ఆ జాగ్రత్తల్లో ఒకటి. చెబితే హింస జరుగుతుందన్న భయం ఉన్నచోట, ముఖ్యంగా స్త్రీల విషయంలో, డాక్టరైనా భాగస్వామికి చెప్పకూడదు. పెళ్లికి ముందు ఇద్దరూ కలిసి సర్కారు సలహా, పరీక్షల కేంద్రం ఐసీటీసీలో కూర్చోవచ్చు, వైరల్ లోడ్ రిపోర్టు తెచ్చి అర్థమయ్యేలా చెప్పమని అడగొచ్చు, అక్కడ మొహమాటమైతే నాకో హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు.