ఉచిత వైద్యం షరతు ఎప్పుడు పోయింది?

అమెరికాలో చాలా ఆసుపత్రులు లాభాపేక్ష లేని సంస్థలు. అంటే లాభం రాకూడదని కాదు, వచ్చినదాన్ని వాటాదారులు పంచుకోకూడదని. అందుకు వాటికి ఆదాయపు పన్ను లేదు. చాలాచోట్ల ఆస్తి పన్నూ లేదు. మరి వదిలేసిన ఆ పన్నుకి బదులు జనానికి ఏం వస్తోంది?

1956లో దీనికి సూటి జవాబు ఉండేది. ఐఆర్ఎస్, అంటే అక్కడి పన్నుల శాఖ, ఒక రూలింగ్ ఇచ్చింది. డబ్బు కట్టలేనివాళ్ళకి ఆసుపత్రి తన స్తోమత మేరకు వైద్యం చేయాలి. అంతే. 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాయి. వృద్ధుల బిల్లులు, పేదల్లో కొందరి బిల్లులు ప్రభుత్వ పథకాలే కడతాయి కాబట్టి ఉచిత వైద్యం అవసరం తగ్గిపోతుందన్న వాదన బయల్దేరింది. 1969లో ఐఆర్ఎస్ కొత్త రూలింగ్ తెచ్చింది, నంబరు 69-545. పాత షరతు పోయింది, 'సమాజానికి మేలు' అనే మాట వచ్చింది. ఎమర్జెన్సీ విభాగం అందరికీ తెరిచి ఉంటే, మిగతా వైద్యానికి డబ్బు కట్టగలిగినవాళ్ళనే చేర్చుకున్నా మినహాయింపు పోదు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన తలనొప్పే. రిక్వైర్‌మెంట్‌లో 'యూజర్‌కి మేలు జరగాలి' అని రాస్తే టెస్ట్ కేసు ఏం రాస్తాం?

డబ్బు లేదని ఆసుపత్రులు వెనక్కి పంపిన కొందరు పేదలు, వాళ్ళ సంఘాలు కోర్టుకెళ్ళారు. ఆసుపత్రుల మీద కాదు, ఆ రూలింగ్ ఇచ్చిన ప్రభుత్వం మీద. కింది కోర్టులో గెలిచారు, అప్పీలులో ఓడారు. 1976లో సుప్రీంకోర్టు అసలు విషయంలోకే వెళ్ళలేదు. ఆసుపత్రి మిమ్మల్ని పంపేసింది ఈ రూలింగ్ వల్లేనని ఎలా చెప్తారు, పన్నుతో సంబంధం లేకుండానే పంపేసి ఉండొచ్చు కదా, కాబట్టి ఈ కేసు వేసే అర్హత మీకు లేదు అంది.

తర్కం బాగానే ఉంది. ఫలితం చూడండి. రూలు సడలించారని ఆసుపత్రి ఫిర్యాదు చేయదు. పక్కవాడు కట్టని పన్ను గురించి మామూలు పౌరుడు కోర్టుకెళ్ళలేడు. వైద్యం దొరకని రోగికీ అర్హత లేదంటే ఇక అడిగేదెవరు?

గట్టి మార్పు 2010లో ఒబామా ఆరోగ్య చట్టంతో వచ్చింది. మూడేళ్ళకోసారి ఆ ప్రాంతపు ఆరోగ్య అవసరాల సర్వే చేయాలి. చేయకపోతే 50,000 డాలర్ల పన్ను పడుతుంది. బిల్లు కట్టలేనివాళ్ళకి సాయం ఎలా చేస్తారో రాతపూర్వకంగా పెట్టాలి. కానీ కనీసం ఇంత ఉచిత వైద్యం చేయాలన్న అంకె మాత్రం ఈ చట్టంలోనూ లేదు. 2016లో సమాజం కోసం ఖర్చు సున్నా అని చూపించి కూడా పన్ను మినహాయింపు పొందిన ఆసుపత్రులు 30 ఉన్నాయని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2020లో లెక్క తేల్చింది.

అక్కడ చదువుకుంటున్న మనవాళ్ళకి ఒక్క మాట. ఇలాంటి ఆసుపత్రి నుంచి పెద్ద బిల్లు వస్తే 'ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ' కాపీ అడగండి. డిశ్చార్జి తర్వాత వచ్చిన మొదటి బిల్లు తేదీ నుంచి కనీసం 240 రోజుల దాకా మీ దరఖాస్తు తీసుకోవాల్సిందే.