చూసింది ఒకటి, లెక్కకట్టింది ఇంకొకటి

కణం చీలి రెండవుతుందని 19వ శతాబ్దం మధ్యకే తెలుసు. చీలేటప్పుడు లోపల ఏం జరుగుతుందో వివరంగా చూపినవాడు జర్మనీలోని కీల్ నగరంలో పనిచేసిన వాల్తర్ ఫ్లెమింగ్. ఆయన సాలమాండర్ పిల్లలను ఎంచుకున్నాడు. వాటి కణాలు పెద్దవి. అనిలిన్ రంగు అద్దితే కేంద్రకంలో చిక్కుపడిన నూలులాంటిది తేలింది. అది పొట్టి పోగులుగా విడివడి కణం నడిమికి చేరుతుంది. ఒక్కో పోగు నిలువునా రెండు పాయలవుతుంది, చెరో పాయా చెరో కొసకు వెళ్తుంది. రంగు పట్టిన కణాలు కదలవు కదా, ఏ దశ వెనక ఏ దశో వరుస కుదర్చడమే ఆయన పడిన అసలు శ్రమ. 1882లో అదంతా పుస్తకంగా వచ్చింది. మన పాఠాల్లోని సమవిభజన ఇదే.

కణ విభజనలో రెండో రకం కథ నాకు మరీ ఇష్టం, ఎందుకంటే కంటికంటే ముందు బుద్ధి దాన్ని పట్టుకుంది. 1883లో బెల్జియం శాస్త్రవేత్త ఎడ్వార్డ్ వాన్ బెనెడెన్ గుర్రం పేగుల్లోని ఏలికపాము అండాన్ని పరిశీలించాడు. శుక్రకణం నుంచి రెండు పోగులు, అండం నుంచి రెండు, కలిస్తే నాలుగు. మరి ఆ నాలుగూ అలాగే బిడ్డలకు దిగితే తర్వాతి తరానికి ఎనిమిది, ఆపై పదహారు కావాలి. అలా కావడం లేదు. కాబట్టి బీజకణాలు తయారయ్యేచోట సంఖ్యను సగానికి దించే విభజన ఒకటి ఉండితీరాలని 1887లో ఆగస్ట్ వైస్‌మన్ తేల్చిచెప్పాడు. చూపు మందగించి సూక్ష్మదర్శినికి దూరమైన మనిషి ఆయన! 1890లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అదే ఏలికపాములో వెంటవెంటనే జరిగే రెండు విభజనలను వివరించాడు. మియోసిస్ అనే పేరు 1905లో ఫార్మర్, మూర్ పెట్టారు. మనకది క్షయకరణ విభజన.

ఈ రెండు రకాలకూ తేడా అంతా క్షయకరణలోని మొదటి విభజనలోనే ఉంది. ఆ పోగులే క్రోమోజోములు. తల్లి వైపు క్రోమోజోము, తండ్రి వైపు క్రోమోజోము జతకట్టి, ముక్కలు మార్చుకుని, ఆ తర్వాతే విడిపోతాయి. రెండో విభజన దాదాపు సమవిభజన లాంటిదే. మనిషిలో 46 కాస్తా 23 అవుతాయి. ఏ జత నుంచి ఏది ఎటు వెళ్తుందన్న ఒక్కదానితోనే 83 లక్షలకు పైగా కూర్పులు వస్తాయి. ముక్కల మార్పిడిని కలిపితే ఇక అంతుండదు.

సమవిభజనలో పొరపాటు జరిగితే అది ఆ కణం సంతతికే పరిమితం. క్షయకరణలో ఒక జత విడిపోకుంటే ఆ పొరపాటు బిడ్డ ఒంట్లో ప్రతి కణానికీ చేరుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోము అదనంగా ఉంటుందని 1959లో తెలిసింది. చాలామందిలో అది అండం తయారయ్యేటప్పటి ఆ మొదటి విభజన నుంచే వస్తుంది.